బాగా పెరిగిన సీసా

పోయిన వారం మా మేనకోడల్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, కథ అక్కడ ఆపి నా దారిన నేను వచ్చేశాను. వారం నుంచీ ఆ పిల్ల అక్కడే కన్నార్పకుండా ఉండిపోయిందేమోనని బెంగపడ్డవాళ్ళుంటే, పడకండి. అప్పుడే లేచింది. లేచి గోడ పట్టుకుంది. మనిషి గోడ పట్టుకునే తీరుని బట్టే కళ్ళు తిరిగాయో, బతుకు తిరిగిందో చెప్పేస్తాను నేను. గోడలకి రంగులేసి బతికినవాణ్ణి కదా. ఒకసారి నేను వేసిన తెల్ల సున్నం చూసి కొంగలు సిగ్గుతో నల్లబడిపోయాయి. అప్పట్నుంచీ ఆ వీధిలో కాకులే తిరుగుతుంటాయి. సరే, అది ఇంకో రోజు చెప్పుకుందాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను. మా అక్క బట్టలు కుట్టేది. నలభై దాటీదాటగానే చెవులు పోయాయి. తర్వాత అరికాళ్ళు మొద్దుబారాయి. ఆ తర్వాత మేం పోయాం, అంటే ఎదురుగానే ఉన్నాం గానీ ఆవిడ లెక్కలోంచి పోయాం. ఇప్పుడు మంచం మీద కూర్చుని లేని కత్తెరతో లేని బట్ట కత్తిరిస్తూ ఉంటుంది. మా అమ్మకీ ఇంతే అయింది. నేనెలాగో తప్పించుకున్నాను. యాభై దాటినా పక్క వీధిలో దోమ ఆవలిస్తే నాకు వినపడుతుంది.

అక్క కూతుర్ని ఇంటా బయటా డాక్టరమ్మ అంటాం. ఇంతవరకూ ఎవరికీ ఒక్క మాత్ర ఇచ్చిన పాపాన పోలేదు. మా ఇంటి జబ్బు ఎక్కడ పుడుతోందో వెతకడమే దాని పని. మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ అని పొడుగాటి దారం ఉంటుందట. అమ్మ బట్ట మీద సుద్దతో గీతలు పెట్టేది కదా మామయ్యా, ఇక్కడ కత్తిరించాలి, ఇక్కడ ముట్టుకోకూడదు అని, అలాగే ఆ దారం మీద గుర్తులు పెట్టే ఎంజైమ్ ఒకటుంది అని చెప్పింది. ఏ ముక్క చదవాలో, ఏది మూసి ఉంచాలో కణానికి ఆ గుర్తులే చెప్తాయి. మా అక్క ఒంట్లో ఆ గుర్తులు పెట్టేది సరిగ్గా తయారవట్లేదు. దాన్ని తయారుచేసే జన్యువులో ఎక్కడో తేడా వచ్చింది.

మరి ఆ జన్యువు ఎక్కడుంది? మనిషికి క్రోమోజోములని ఇరవై మూడు జతలుంటాయి, అరల్లాంటివి. పదకొండో అరలో ఉందని డాక్టరమ్మ తేల్చింది. మా అక్కకి రెండు పదకొండులు. ఒకటి మా అమ్మ ఇచ్చిన జబ్బుది, ఒకటి మా నాన్న ఇచ్చిన మంచిది. జన్యువుని అక్షరం అక్షరం చదవాలంటే ఆ రోజుల్లో ఏళ్ళు పట్టేది కాబట్టి, పిల్లలిద్దరికీ ఏ పదకొండు వచ్చిందో చూసింది. జబ్బుది తనకొచ్చింది. మంచిది తమ్ముడికొచ్చింది.

ఆ మాట మీద రెండు బతుకులు రెండు దారులు పట్టాయి. కళ్ళజోళ్ళ షాపాయన ఒకడు డాక్టరమ్మ కోసం ఓపిగ్గా ఎదురుచూశాడు. ఇది వద్దని పంపించేసింది. చెవులు పోయే రోజు కోసం ముందుగానే పెదాలు చదవడం నేర్చుకుంది. తమ్ముడు మాత్రం గుండెల మీద చెయ్యేసుకుని పెళ్ళి చేసుకున్నాడు, బుజ్జిదాన్ని కన్నాడు.

ఇక పోయిన వారం చెప్పిన సంగతి. చివరిసారి సరిచూసుకుందామని ఆ జన్యువు ముక్కకి మెరిసే రంగు తగిలించి, నా రక్తంలో క్రోమోజోముల మీద వేసి చూసింది. నా రక్తమే ఎందుకంటే అది మహా హుషారు, సూది చూడగానే ఎదురొచ్చేస్తుంది. జన్యువు ఎక్కడుంటే అక్కడ చుక్క వెలగాలి. వెలిగింది. పదకొండు మీద కాదు. పందొమ్మిది మీద.

ఇక్కడిదాకా వచ్చాం. ఇప్పుడు పదండి.

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు డాక్టరమ్మ ల్యాబులోనే తింది, ల్యాబులోనే పడుకుంది. నేను ఫోన్ చేస్తే, మామయ్యా, పనిలో ఉన్నాను అనేది. ఒక పొద్దున తనే మా ఇంటికొచ్చింది. తమ్ముడి దగ్గరికి పోదాం, నువ్వూ రా, నువ్వుంటే వాడు నవ్వుతాడు అంది. నేను చొక్కా మార్చుకుంటుంటే గుమ్మంలోనే నిలబడింది తప్ప లోపలికి రాలేదు.

మా మేనల్లుడు, అదే డాక్టరమ్మ తమ్ముడు, లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ రోజు పని ఎక్కడంటే, తల ఎత్తి చూస్తే టోపీ వెనక్కి పడిపోయేంత మేడలో. అక్కడి లిఫ్టు ఎంత జోరుగా పైకి లాక్కెళ్ళిందంటే నా నీడ కిందే ఉండిపోయింది. పాపం మెట్లెక్కి, ఆయాసపడుతూ, నేను పైన నిలబడ్డ కాసేపటికి వచ్చి నన్ను కలుసుకుంది. మామూలుగా ఇలాంటిది చెప్తే డాక్టరమ్మ పెదవి ఒక మూలైనా కదిలిస్తుంది. ఆ రోజు విననే లేదు.

ఆఖరి అంతస్తు నుంచి ఇనుప నిచ్చెన ఎక్కితే మోటారు గది. కాలిన దుమ్ము వాసన, గ్రీజు వాసన. మధ్యలో పచ్చ రంగు మోటారు, దాని పక్కన గాడులు పడ్డ పెద్ద చక్రం, చక్రం మీంచి ఉక్కు తాళ్ళు నేలలోని కంతల గుండా కిందికి. కింద ఎవరో బటన్ నొక్కినప్పుడల్లా గోడమీది బోర్డు టకటకమంటుంది, మోటారు గుర్రుమంటుంది, గది మొత్తం పళ్ళు కొరుకుతుంది.

అల్లుడు బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని ఏదో చిన్న సామానుకి గరుకు కాగితం పడుతున్నాడు. మేం వచ్చిన సంగతి మా నీడలు వాడి చేతుల మీద పడేదాకా తెలీలేదు. తలెత్తి, మొహం విప్పారి, ఏంటి మామయ్యా, రంగులు మేడకా ఆకాశానికా అన్నాడు. ఆకాశానికే, నీలం డబ్బాలు చాలక ఆగాను అన్నాను. నవ్వాడు. లేచి వాళ్ళక్కకి డబ్బా ఖాళీ చేసి ఇచ్చాడు. అది కూర్చోలేదు.

"నేను నీకు చెప్పింది తప్పురా," అంది.

ముందూ వెనకా ఏమీ లేదు. దారి పొడుగునా ఏదో కూడబలుక్కుంటోంది అనుకున్నాను నేను. ఇదే కూడబలుక్కుంది.

ఏది తప్పని వాడు అడగలేదు. అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములతో చెప్పిన మాటలు లక్ష ఉంటాయి. వీళ్ళిద్దరి మధ్య మాత్రం ఒకటే మాట ఉంది. చేతిలో ఉన్నది పక్కన పెట్టాడు. ఎలా తప్పింది అన్నాడు.

అది చెప్పింది. చదువుకున్నవాళ్ళ భాషలో చెప్పింది గానీ, నాకు పట్టుబడినంత మీకు చెప్తాను. మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ కలిపి ఒకటి చేస్తారట. ఆ కాపురంలో ఎలుక వైపు సామానంతా ఎక్కడిదక్కడ ఉంటుంది. మనిషి వైపు సామాను మాత్రం ఒక్కొక్కటే వీధిలోకి పోతుంది. ఆఖరికి ఒకటో రెండో మనిషి క్రోమోజోములు మిగులుతాయి. ఏది మిగిలిందో చూసుకుని ఆ కణాల్ని సీసాలో పెంచుతూ, సీసా మీద నంబరు వేస్తారు. మన జన్యువు ఏ సీసాలో బయటపడితే ఆ నంబరు అరలో ఉన్నట్టు లెక్క.

ఆ కణాలు రోజూ తిండి పెట్టి పెంచాల్సినవి, ఒక సీసా నిండితే ఇంకో సీసాలోకి మార్చాల్సినవి. మిగతా సీసాలన్నీ అలిగిన పిల్లల్లా ఉండేవి. తినేవి కావు, పెరిగేవి కావు, ఉన్నట్టుండి చచ్చేవి. పదకొండో నంబరు సీసా మాత్రం బ్రహ్మాండంగా పెరిగేది. ల్యాబుకి ఎవరొచ్చినా దాన్నే వెలుగుకి ఎత్తి చూపించేవాళ్ళు. డాక్టరమ్మకి అదంటే ప్రాణం. అప్పుడప్పుడూ కణాలకి రంగు పెట్టి, లోపల ఉండాల్సిన క్రోమోజోము ఇంకా ఉందో లేదో చూసుకోవాలి, అనుమానమొస్తే ఫ్రీజర్‌లో దాచిన పాతవాటితో మళ్ళీ మొదలుపెట్టాలి. అది అక్కడి పద్ధతి. నీరసంగా ఉన్న సీసాలన్నిటికీ చేసింది. ఇంత బాగున్నదానికి పరీక్షేమిటని దీన్ని వదిలేసింది.

అది బాగా పెరిగిందే పదకొండుని బయట పారేశాక. బరువు దిగిపోయింది కాబట్టి ఉరుకుతోంది. అంతకుముందెప్పుడో పందొమ్మిది పోతూపోతూ విరిగితే, దాని చిన్న ముక్క ఒకటి ఎలుక క్రోమోజోముకి అంటుకుని ఉండిపోయింది. మన జన్యువు ఆ ముక్కలో ఉంది. అసలు పందొమ్మిదో నంబరు సీసాకి బూజు పట్టి పారేశారు. పదకొండులో దొరికేసింది కదా, ఇంక దాన్ని మళ్ళీ పెంచడమెందుకు అనుకుంది. అంతే జరిగింది.

వాడు విన్నాడు. మధ్యలో మోటారు రెండుసార్లు గుర్రుమంటే అది ఆగి, రొద తగ్గాక మళ్ళీ చెప్పింది.

"పెరుగుతోంది కదా అని మురిసిపోయావు," అన్నాడు వాడు.

"మురిసిపోయాను."

"ఆరో అంతస్తు నొక్కినోణ్ణి మూడో అంతస్తులో దింపితే జనం నన్ను చెప్పుచ్చుకుని కొడతారక్కా. మీ దగ్గర కొట్టేవాళ్ళెవరూ లేరా?"

"నువ్వున్నావు. అందుకే వచ్చాను."

వాడు చక్రం దాకా నడిచి వెనక్కి వచ్చాడు. ఆ గదిలో అంతకంటే నడవడానికి లేదు. నీది చూసుకున్నావా అని అడిగాడు. చూసుకున్నాను అంది. పందొమ్మిదా అన్నాడు. తలూపింది.

"ఉందా?"

"లేదు."

ఆ లేదు అనే మాటని అంత నేరం చేసినదానిలా అనడం నేను ఎక్కడా వినలేదు. దొంగలు కూడా అంతకంటే దర్జాగా ఒప్పుకుంటారు. నాకు మాత్రం ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు. నా పిల్లకి లేదు, చెవులుంటాయి, కాళ్ళుంటాయి, మేమంతా గుర్తుంటాం అనుకున్నాను. ఆ వెంటనే కళ్ళజోళ్ళ షాపాయన గుర్తొచ్చాడు. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ కళ్ళజోళ్ళే.

అల్లుడు మంచివాడు. మంచిదే కదక్కా అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, మొహం మాత్రం సాయం రాలేదు. మళ్ళీ వాడే అన్నాడు, నువ్వు చెప్పిన మాట మీదే కదా మేం బుజ్జిదాన్ని కన్నది అని. అరవలేదు. అరిచుంటే బాగుండేది. కింద ఎవరో ఎక్కడో బటన్ నొక్కారు, బోర్డు టకటకమంది, తాళ్ళు కదిలాయి. ఆ రొదలోనే డాక్టరమ్మ ఏదో అంది. నాకు వినపడలేదు, దోమ ఆవలింతలు వినే నాకే. వాడు మాత్రం జవాబు చెప్పాడు.

అప్పుడు చూశాను డాక్టరమ్మ మొహం మారడం. మోటారు ఆగేదాకా ఓపిక పట్టింది.

"ఎప్పట్నుంచిరా?" అంది.

"ఏది?"

"నా కళ్ళల్లోకి చూడట్లేదు నువ్వు. పెదాలు చూస్తున్నావు."

తను డబ్బు పోసి, మాస్టారిని పెట్టుకుని కష్టపడి నేర్చుకున్న విద్య అది. వీడు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. వాడు తల పక్కకి తిప్పి, మా పనిలో అందరికీ ఇంతే, రోజంతా ఈ రొదలో ఉంటే చెవులేం బాగుంటాయి, మా మేస్త్రీకి ఒక చెవి పూర్తిగా పోయింది, వాళ్ళ వంశంలో ఏ జబ్బూ లేదు అని గడగడా చెప్పాడు. ఇంకా నలభై కూడా రాలేదు నాకు అన్నాడు. అది నిజమే కావచ్చు. మోటారు రొదకి చెవులు పోవా ఏంటి, పోతాయి. నేనూ అదే పట్టుకుని వేలాడాను, వేలాడుతూ వాడి కాళ్ళ వైపు చూశాను. బూట్లున్నాయి. బూట్ల లోపల ఏముందో బూట్లకే తెలియాలి.

వాడు నా వైపు తిరిగాడు.

"మామయ్యా, నువ్వైనా ఒక అబద్ధం చెప్పు," అన్నాడు.

నేను ఇలాంటివాటికి వెనకాడే మనిషిని కాదు. మా అక్క మమ్మల్ని మొదటిసారి మర్చిపోయిన రోజు, పిల్లలిద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి, అమ్మ చంద్రుడికి చొక్కా కుట్టడానికి వెళ్ళింది, నెలంతా వాడి కొలత మారిపోతుంటే పాపం ఎలా వస్తుంది అని చెప్పినవాణ్ణి. అప్పుడు వీళ్ళిద్దరూ మరీ చిన్నవాళ్ళేం కాదు, మీసాలొస్తున్నాయి వాడికి, అయినా విన్నారు. ఇప్పుడూ నోరు తెరిచాను. గోడలూ నిచ్చెనలూ కొంగలూ చంద్రుడూ అన్నీ వరసగా వచ్చాయి, ఒక్కటీ నోట్లోంచి బయటపడలేదు. తెరిచిన నోరు అలాగే మూసేశాను.

వాడు పర్లేదు మామయ్యా అన్నట్టు నా భుజం తట్టాడు. నన్ను ఓదార్చాడు వాడు. ఆ రోజుకి నా బతుకు అంత దాకా వచ్చింది.

తర్వాత వాళ్ళక్కతో మెల్లిగా, ఏదో లిఫ్టు సామాను గురించి మాట్లాడుతున్నంత మామూలుగా మాట్లాడాడు. నా సంగతి నాకు చెప్పొద్దు అన్నాడు. నాది చూడొద్దు. ఉంటే అదే వస్తుంది, లేకపోతే రాదు, ముందే తెలిసి చేసేదేం లేదు, అమ్మని చూశాను చాలు. బుజ్జిది ఒక్కదానిదే చూడు. దానికి లేదని తెలిస్తే నేను ఏమైపోయినా పర్వాలేదు, నవ్వుకుంటూ పోతాను అన్నాడు.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. అలా కుదరదురా అంది. అది దానికి రావాలంటే నీ మీదుగానే రావాలి, వేరే దారి లేదు. దానికి లేదంటే నీ గురించి ఏమీ తెలీదు, నీకుండీ దానికి ఇవ్వకపోయి ఉండొచ్చు. దానికి ఉందంటే మాత్రం...

ఆ మిగతాది చెప్పక్కర్లేకపోయింది. వాడే తలూపాడు. లెక్క నాకే అర్థమైతే వాడికి కాదా. బిడ్డ సంగతి అడిగితే తన సంగతి కూడా అదే పళ్ళెంలో వస్తుంది.

సరే, అయినా చూడు, అన్నాడు చివరికి. రేపు తీసుకొస్తాను ల్యాబుకి, దానికి సూదంటే భయం, వాళ్ళమ్మకి మాత్రం తెలీకూడదు, తన గుండె బద్దలు చెయ్యలేను అన్నాడు.

అప్పుడు కూర్చుంది డాక్టరమ్మ, ఇందాక వాడు ఖాళీ చేసిన నూనె డబ్బా మీద. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. చిన్నప్పుడు తప్పు చేసి అలాగే కూర్చునేది.

"తీసుకురానక్కర్లేదురా. దాని రక్తం నా దగ్గరే ఉంది. మీ ఆవిడ తెచ్చింది."

వాడికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. మా అల్లుడి పెళ్ళాం బస్సు కండక్టరు. రోజంతా చిల్లర కోసం ఊరందరితో పోట్లాడే మనిషి, ఇంట్లో మాత్రం ఒక్క మాటకి పది మాటలు మింగే రకం. మైక్రోస్కోపులో చుక్క వెలగడానికి ముందే, ఎవరికీ ఏ అనుమానమూ లేని రోజుల్లోనే, ఆ అమ్మాయి బుజ్జిదాన్ని చంకనేసుకుని ల్యాబుకి వెళ్ళిందట. వదినా, ఎక్కడో తేడా ఉంది, ఇంకోసారి చూడు అందట. పిల్ల పక్కలోనే గుక్కపట్టి ఏడుస్తున్నా ఈయన లేవట్లేదు, మొదట్లో బద్ధకం అనుకుని తిట్టాను, తర్వాత చెవి పక్కన చిటికెలు వేసి చూశాను అందట. ఆయనకి చెప్పొద్దు, ఆయన గుండె బద్దలు చెయ్యలేను అని కూడా అందట. మొగుడూ పెళ్ళాలు ఒకరికి తెలీకుండా ఒకరు అదే మాట పట్టుకుని తిరుగుతున్నారు.

"ఆ అమ్మాయి అడిగినందుకే నాకు అనుమానమొచ్చింది," అంది డాక్టరమ్మ. "మెరిసే రంగుతో సరిచూద్దామన్నది అందుకే. మా ల్యాబు పెద్దాయనకి వేరే కారణం చెప్పాను. చిన్నపిల్లల రక్తం అలా చూడకూడదు, తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. పోనీ."

వాడు గోడకి చేరగిలబడ్డాడు. చొక్కాకి గ్రీజు అంటుకున్నా పట్టించుకోలేదు.

"చూశావా?" అన్నాడు.

డాక్టరమ్మ నోరు విప్పబోయింది. సరిగ్గా అప్పుడే కింద ఎవరో పుణ్యాత్ముడు బటన్ నొక్కాడు. బోర్డు టకటకమంది, మోటారు గుర్రుమంది, చక్రం తిరిగింది. దాని పెదాలు కదలడం నేను చూశాను. తల దించుకుని మాట్లాడింది, మొహం మొత్తం నీడలో ఉంది. నాకు వినపడలేదు. వాడికి వినపడలేదు, కనపడనూ లేదు.

వాడు రెండంగల్లో బోర్డు దగ్గరికి వెళ్ళి మీట కిందికి లాగేశాడు.

తాళ్ళు ఒక్క కుదుపుతో ఆగి వణికాయి. ఎక్కడో అంతస్తుల మధ్య లిఫ్టు ఉన్నపళంగా నిలబడిపోయింది. ఒరేయ్, లోపల మనుషులున్నార్రా అన్నాను నేను. కింద నుంచి ఎవరో తలుపు బాదడం మొదలుపెట్టారు, ముందు ఒక చేత్తో, తర్వాత రెండు చేతులతో.

వాడు తిరిగొచ్చి అక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. గడ్డం కింద వేలు పెట్టి దాని మొహాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తాడు.

"ఇప్పుడు చెప్పక్కా," అన్నాడు, దాని పెదాల మీంచి చూపు తియ్యకుండా.